అద్దె నీదే అల్లుడూ, ఆట వాళ్ళది

"సర్వర్ అద్దె నేను కడుతున్నాను, ప్లగిన్ నేను రాసుకున్నాను, డైమండ్ కిట్ అమ్మొద్దనడానికి వాళ్ళెవరు మామయ్యా?" అన్నావు. నీ కోపం అర్థమైంది. కానీ అందులో రెండు కోపాలు కలిసిపోయాయి అల్లుడూ. ఒకటి న్యాయమైనది, ఒకటి కాదు. కానిదాని గురించి ముందు చెప్తాను.

నీ మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో డబ్బిచ్చినవాడికి వజ్రాల కత్తి, ఇవ్వనివాడికి చెక్క కత్తి. ఆడేదేమో ఎక్కువమంది చిన్నపిల్లలు. ఇలా ఆటలో బలమిచ్చే వస్తువులు అమ్మకూడదన్న నిబంధనని మైన్‌క్రాఫ్ట్ కంపెనీ మొజాంగ్ 2014లో గట్టిగా పట్టుకున్నప్పుడు, ఆట సృష్టికర్త మార్కస్ పెర్సన్ చెప్పిన మాట ఒకటుంది. తమకు సంబంధం లేని సర్వర్లలో పిల్లలు తగలేసిన వంద డాలర్లు వెనక్కివ్వమని తల్లిదండ్రులు తమకు మెయిళ్ళు పెడుతున్నారని. దీన్ని కొట్టిపారేయలేం. పైగా మొజాంగ్ వాళ్ళు సంపాదన దారులన్నీ మూసెయ్యలేదు. లోపలికి రావడానికి అందరికీ ఒకే రుసుము పెట్టుకోవచ్చు. విరాళాలు తీసుకోవచ్చు. ఆటలో బలాబలాలు మారనంతవరకూ టోపీలూ అలంకారాలూ అమ్ముకోవచ్చు. సర్వర్ మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఈయూఎల్ఏ (వాడుకరి ఒప్పందం) ఫైల్లో 'ఫాల్స్' తీసేసి 'ట్రూ' అని నీ చేత్తోనే రాశావు కదా, అప్పుడు చదవొద్దూ?

ఇక న్యాయమైన కోపం. ఇలాంటి అమ్మకాల్ని మొజాంగ్ వాళ్ళు ఏళ్ళ తరబడి చూసీచూడనట్టు వదిలేశారు. ఆ అమ్మకాల మీదే కొందరు బతుకుతెరువు ఏర్పరచుకున్నారు. 2014 జూన్‌లో వివరణ ఇచ్చి, ఆగస్టు 1 గడువన్నారు. నిబంధన మంచిదే, తెచ్చిన తీరు మంచిది కాదు. 2016 నుంచి నిషేధించిన సర్వర్ల జాబితా కూడా పెట్టారు. అందులో నీ సర్వర్ ఉంటే ఆటగాడి కంప్యూటర్లోని మైన్‌క్రాఫ్టే దానికి కనెక్ట్ అవ్వదు. అద్దె ఎవరు కట్టినా లాభం లేదు. కౌలు చేనులో పంట నీదే కానీ గట్టు జరిపే హక్కు నీది కాదు. నీ పరిస్థితీ అదే.

ఇంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది బుక్కిట్ సంగతి. నువ్వు పుట్టినప్పటి కథ అని పక్కన పెట్టకు, నీ ప్లగిన్ ఇవాళ్టికీ నిలబడ్డది ఆ పునాది మీదే. మొజాంగ్ ఇచ్చిన సర్వర్‌కి ప్లగిన్లు తగిలించే సదుపాయం లేకపోతే, బయటి ప్రోగ్రామర్లు జీతం లేకుండా బుక్కిట్ రాశారు. 2012లో దాని ముఖ్యుల్ని మొజాంగ్ ఉద్యోగాల్లోకి తీసుకుంది. 2014 ఆగస్టులో మిగిలినవాళ్ళు అలిసిపోయి ప్రాజెక్టు మూసేస్తామంటే, 'అది మాదే, అప్పుడే కొన్నాం' అని మొజాంగ్ బయటపెట్టింది. రెండేళ్ళు రాత్రుళ్ళు మేలుకుని కోడ్ రాసినవాళ్ళకు, తాము ఒక కంపెనీ ఆస్తికి ఊడిగం చేస్తున్నామని అప్పుడు తెలిసింది! ఆ వెంటనే సెప్టెంబరులో, ఎంతో కోడ్ రాసిన ఒకాయన కాపీరైట్ నోటీసు పంపాడు. తన కోడ్ స్వేచ్ఛా లైసెన్సు కింద ఇచ్చినది, దాంతోపాటు మొజాంగ్ మూసి ఉంచిన కోడ్‌ని కలిపి పంచడం ఆ లైసెన్సుకు విరుద్ధం అని ఆయన వాదన. దాంతో డౌన్‌లోడ్లు ఆగిపోయాయి. వేలమంది సర్వర్ల వాళ్ళు, ఈ గొడవలో ఏ పాపమూ ఎరగనివాళ్ళు, దిక్కుతోచక కూర్చున్నారు. ఆ ఏడాది చివర్లో, బుక్కిట్ మీదే కట్టిన స్పిగాట్ అనే ప్రాజెక్టు వాళ్ళు బిల్డ్‌టూల్స్ తెచ్చారు. తయారైన ఫైల్ పంచకుండా, ఎవరి కంప్యూటర్లో వాళ్ళే కూర్చుకునే పద్ధతి అది.

అందుకే నీకు ప్రతిసారీ చెప్పేది, కోడ్ రాయకముందే దాని కింద ఉన్నదానికి లైసెన్సు ఏమిటో చదవమని. నువ్వు ప్రతిసారీ 'తర్వాత చూస్తా మామయ్యా' అంటావు! నీ మ్యాపులు, నీ కథలు, నీ బొమ్మలు వేరే ఫోల్డర్లో, నీ పేరుతో, తేదీలతో భద్రంగా పెట్టుకో. రేపు మరో ఆటలోకి వెళ్ళినా అవి నీతో వస్తాయి. డైమండ్ కిట్ రాదు.

ముందు ఆ కిట్‌ని షాపులోంచి తీసెయ్. కొన్న పిల్లల డబ్బు, వాళ్ళ అమ్మానాన్నలకు చెప్పి, ఈ నెలలోనే వెనక్కి పంపు. నీ దగ్గర సరిపోకపోతే నాకు ఫోన్ చెయ్.

మీ మామయ్య