జ్వర సర్వేకు వెళ్లేవాళ్ల క్షేమం: చేయవలసినవి, చేయకూడనివి

కొవిడ్ రెండో విడతలో, 2021 మే నెలలో, తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే జరిగింది. నేలకొండపల్లి చుట్టుపక్కల ఊళ్లలోనైనా, భద్రాచలం అడవి అంచు గూడేల్లోనైనా జ్వరమొచ్చిన మనిషి గడప ముందు మొదట నిలబడింది ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం. 2020 జనవరి నుంచి 2021 మే దాకా ప్రపంచమంతటా సుమారు 1,15,000 మంది వైద్య సిబ్బంది కొవిడ్‌తో చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన ఖమ్మం పక్కనే ఉన్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో 2020 ఆగస్టులో ఒక డిప్యూటీ డీఎంహెచ్‌ఓ (ఉప జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ఆ జబ్బుకే బలయ్యారు. ఇలాంటి మహమ్మారి మళ్లీ వస్తే వీళ్లను కాపాడుకునే పని వీళ్లదొక్కటే కాదు. అందుకే కింది మాటల్లో కొన్ని ఊరివాళ్లకు, అధికారులకు కూడా.

చేయవలసినవి

వాకిట్లోనే మాట్లాడండి. "లోపలికి రామ్మా, కూర్చో" అంటారు. మర్యాదకు పోయి గాలాడని గదిలో కూర్చోవద్దు. జ్వరమున్న మనిషిని బయటికి పిలిచి, మాస్కు పెట్టించి, ఆరడుగుల దూరం నుంచి అడగండి. ఆక్సీమీటర్‌ను ఆయనే వేలికి పెట్టుకోవాలి. తర్వాతి ఇంటికి వెళ్లేముందు దాన్ని స్పిరిట్ దూదితో తుడవండి.

పీపీఈ కిట్ విప్పేటప్పుడు మరీ జాగ్రత్త. అలసట మీద ముందు మాస్కు లాగేయబుద్ధవుతుంది, అదే ముప్పు. మొదట గ్లౌజులు, లోపలి వైపు బయటికి వచ్చేలా తీయాలి. చేతులకు శానిటైజర్ రుద్దుకుని గౌను, ఆ తర్వాత కళ్లద్దాలు. రోగులున్న చోటు దాటి వచ్చాకే మాస్కు, అదీ ముందుభాగం ముట్టకుండా వెనక పట్టీలు పట్టుకుని. చివర సబ్బుతో చేతులు కడగాలి. పక్కన ఒకరు నిలబడి వరస చెబుతుంటే తప్పులు తగ్గుతాయి.

ఆసుపత్రి డ్యూటీ పడితే, మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పే గదిని కూడా వార్డుగానే చూడండి. వార్డులో అంత జాగ్రత్తగా ఉన్నవాళ్లే అక్కడ మాస్కు తీసి, ఎదురెదురుగా కూర్చుని పచ్చడి పంచుకుంటారు. మనవాళ్లేగా అనిపిస్తుంది. విడతలుగా తినండి, కిటికీలు తెరవండి. చెట్టు నీడ దొరికితే ఇంకా మంచిది.

ఖమ్మం మే ఎండలో కిట్ లోపల ఒళ్లు ఉడికిపోతుంది. సర్వే పొద్దున్నే మొదలుపెట్టండి, కిట్ వేసుకునే ముందే నీళ్లు తాగండి, తల తిరిగితే అక్కడితో ఆపేయండి. నెలసరిలో ఉన్నా, గర్భంతో ఉన్నా డ్యూటీ మార్చమని అడగడానికి మొహమాటపడొద్దు.

అడవి వైపు తిరిగే సిబ్బందికి జ్వరమొస్తే కొవిడ్ పరీక్షతో పాటు మలేరియా రక్తపరీక్ష కూడా చేయించాలి.

నిద్ర పట్టదు, ఊరికే ఏడుపొస్తుంది, ఇంటికెళ్లి పిల్లల్ని దగ్గరికి తీసుకోవాలంటే భయం. ఇది పిరికితనం కాదు. తోటివాళ్లతో చెప్పుకోండి. టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

చేయకూడనివి

డ్యూటీ నుంచి వచ్చినవాళ్ల మీద హైపోక్లోరైట్ చల్లకండి. వైరస్ పోకపోగా కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ కలిపితే విషవాయువు వస్తుంది. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి. జ్వరం దాచిపెట్టి డ్యూటీకి రాకండి.

ఊరివాళ్లకు ఒక్క మాట: నర్సమ్మను ఇల్లు ఖాళీ చేయమనకండి, బోరింగు దగ్గర నీళ్లు పట్టుకోనివ్వకుండా చేయకండి. మనింట్లో జ్వరమొస్తే వచ్చేది ఆమే. 2020లో అంటువ్యాధుల చట్టాన్ని సవరించారు. ఆ సవరణ ప్రకారం మహమ్మారి సమయంలో వైద్య సిబ్బందిపై దాడికి 3 నెలల నుంచి 5 ఏళ్ల దాకా, తీవ్రంగా గాయపరిస్తే 7 ఏళ్ల దాకా జైలు.

అధికారులూ, నోటిమాటతో డ్యూటీ వేయకండి. 2020 మార్చిలో కేంద్రం ప్రకటించిన 50 లక్షల బీమాలో ఆశాలను కూడా చేర్చారు. కానీ చనిపోయిన మనిషిని కొవిడ్ విధుల్లో పెట్టినట్టు ఆఫీసు ధ్రువీకరిస్తేనే కుటుంబానికి డబ్బు వచ్చేది. పేరు, ఊరు, తేదీ రాసి సంతకంతో ఉత్తర్వు ఇవ్వండి. ఆశా కార్యకర్తలూ, ఆ కాగితం ఒక నకలు ఇంట్లో ఉంచండి, ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు చెప్పండి.