గుడ్డుకు తగిలిన వేడి ఎంతదూరం వెళ్తుంది?

ఈ వారం పాఠం ఎపిజెనెటిక్స్.

బైవోల్టిన్ గుడ్లను 25 డిగ్రీల వేడిలో, వెలుతురులో పొదిగిస్తే, వాటి నుంచి వచ్చిన చిలుకలు నిద్రగుడ్లు పెడతాయి. 15 డిగ్రీల్లో, చీకట్లో పొదిగిస్తే ఆగకుండా పగిలే గుడ్లు పెడతాయి. జన్యువులు మాత్రం అవే! ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో అన్నదే మారింది.

జన్యువుల పనిని నడిపేవాటిలో డీఎన్ఏ మీది రసాయన గుర్తులూ ఉంటాయి. మిథైలేషన్ అలాంటిదే. 2010లో పట్టు గ్రంథుల్లో వెతికితే, డీఎన్ఏలోని 'సి' అక్షరాల్లో సుమారు 0.11 శాతానికే ఆ గుర్తు కనిపించింది. అంటే వెయ్యింటికి ఒకటి.

ఇంత పలుచటి గుర్తుల్లో వరస పట్టడానికే మెషిన్ లెర్నింగ్. గుర్తున్నచోట్లు, లేనిచోట్లు వేలకొద్దీ చూపిస్తే, కంప్యూటర్ తేడా పట్టి కొత్తచోట అంచనా చెప్తుంది. దాన్ని మళ్లీ ల్యాబ్‌లో సరిచూడాల్సిందే.

ఒక్క చిక్కుంది. అది చూపించిందే నేర్చుకుంటుంది. చల్లటి ల్యాబ్‌లో పెరిగిన పురుగు లెక్క, ఏప్రిల్‌లో మన రేకుల షెడ్డు పురుగుకు సరిపోతుందని నమ్మలేం.

అందుకే ప్రతి పంటకూ లేయింగ్స్ ఎన్ని, పూటపూటకూ వేడి, తేమ ఎంత, గూళ్లు ఎన్ని కిలోలు రాసిపెడదాం. చాకీలో 26–28 డిగ్రీలు, 85–90 శాతం తేమ తప్పిన రోజులకు గుండ్రం చుడదాం. రేపు ఎవరైనా మన పురుగుల గురించి అడిగితే, చూపించడానికి మన లెక్క మన దగ్గరుండాలి.