తలుపు తట్టుచుండగా

పఠింపవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 12:1–17, మత్తయి 18:15–35



గత మాసము ఏకాంత ప్రార్థననుగూర్చి ధ్యానించితిమి. ఈ మాసము సంఘముగా కూడి చేయు ప్రార్థననుగూర్చి ధ్యానింతము. రెండును ప్రార్థనలే గాని రెండవదానిలో చిక్కులు మెండు. గది తలుపు వేసికొని ప్రార్థించువానికి పొరుగువాడు అడ్డురాడు. కూటములోనైతే ఆ పొరుగువాడు అదే చాపమీద కూర్చుండియుండును.

మొదట యెరూషలేములోని మరియ యింటికి పోవుదము. హేరోదు యాకోబును ఖడ్గముతో చంపించి, అది యూదులకు నచ్చెనని చూచి పేతురును గూడ పట్టించెను. నలుగురేసి చొప్పున నాలుగు జట్ల సైనికులు, రెండు సంకెళ్లు, ఇనుప గవిని. సంఘమునకు అధికారుల దగ్గర పలుకుబడి లేదు, ధనము లేదు. వారు రాత్రివేళ ఒక యింట కూడి ప్రార్థించిరి.

ఇక్కడ ఒక ప్రశ్న గలదు. దానిని దాటిపోరాదు. పేతురు విడుదల పొందెను, యాకోబు చంపబడెను. యాకోబు కొరకు సంఘము ప్రార్థింపలేదా? లూకా చెప్పలేదు గాని, ప్రార్థింపలేదని తలంచుటకు కారణమేమియు లేదు. 2021 వేసవిలో ఆక్సిజన్ సిలిండరుల కొరకు పరుగులిడిన దినములను మనలో ఎవరు మరతురు? ఒకే రాత్రి ఫోనులో కూడి ఇద్దరి కొరకు ప్రార్థించితిమి. ఒకరు ఇల్లు చేరిరి, ఒకరు చేరలేదు. చేరని వారి యింటికి పోయి, విశ్వాసము చాలలేదేమోనని పలికినవారును మనలో ఉండిరి. ఆ మాటకు లూకా ఎంతమాత్రమును ఆధారమియ్యడు. యాకోబు విశ్వాసము పేతురు విశ్వాసముకంటె తక్కువైనదని అతడు ఎక్కడను వ్రాయలేదు.

ఇక పేతురు వచ్చి తలుపు తట్టినప్పటి సంగతి. రొదే అను చిన్నది స్వరము గుర్తుపట్టి, సంతోషములో తలుపు తీయుట మరచి లోపలికి పరుగెత్తెను. లోపల మోకరించినవారు దానిని వెఱ్ఱిదనిరి. దేని కొరకు ప్రార్థించుచున్నారో అదే వీధిలో నిలిచి తలుపు తట్టుచున్నది; వారు మాత్రము వాదించుచున్నారు! మనకు నవ్వు వచ్చును. లూకాకును వచ్చియుండునని మా తలంపు. అయితే ఆ పిల్ల మాట ఎందుకు నమ్మలేదు? తలుపు దగ్గర ఉండునది గనుక గదా? మన కూటములలో చాపలు పరచువారు, టీ కాచువారు ప్రార్థనాంశము చెప్పుట మనమెన్నిసార్లు వింటిమి?

ఇప్పుడు మత్తయి 18వ అధ్యాయము. ఇద్దరు ముగ్గురు ప్రభువు నామమున కూడిన చోట ఆయన ఉండునను వాగ్దానము మనకందరికిని కంఠస్థమే. వానపడి ముగ్గురే వచ్చిన బుధవారమున కాపరులమైన మేమే దానిని చెప్పి ఓదార్చుకొనుచుందుము. ఓదార్పు తప్పు గాదు. కాని ఆ వచనమునకు ముందేమున్నదో చూడుడి. తప్పు చేసిన సహోదరునియొద్దకు మొదట ఒంటరిగా పొమ్మనెను. వినకపోయిన యెడల ఒకరిద్దరిని వెంటబెట్టుకొని పొమ్మనెను. సంఘమునకు తెలుపుట ఆ పిమ్మటనే. వెనుక ఏమున్నది? ఎన్ని మారులు క్షమింపవలెనని పేతురు అడిగిన ప్రశ్నయు, పదివేల తలాంతుల ఉపమానమును. అనగా ఆ వాగ్దానము హాజరు పట్టీనిగూర్చినది గాదు. చెడిన సమాధానమును బాగుచేసికొను ఇద్దరు ముగ్గురినిగూర్చినది. 19వ వచనములో ఏకీభవించుట అను మాటకు మూలమైన గ్రీకు పదము స్వరములు కలియుటను సూచించును. సింఫనీ అను మాట దానినుండియే వచ్చినది.

మన తెలుగు సంఘముల చరిత్రలో ఇట్టి చిన్న కూటములు లేకపోలేదు. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద జూయెట్ దొరగారు, ఆయన భార్య, కొందరు తెలుగు విశ్వాసులు కూడి ప్రార్థించిరి. క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండుటకు 1866లో గాని రాలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిరని మనము తరచుగా చెప్పుకొందుము. అంతకుముందటి కరవు కాలములో బకింగ్‌హాము కాలువ పని కాంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి యిప్పించిన ఆయనే, అన్నము కొరకు వచ్చుచున్నారేమోనని ఆ దినములలో బాప్తిస్మములు ఆపివేసెనను సంగతిని అంతగా చెప్పుకొనము. దోర్నకల్లులో అజరయ్య బిషప్పుగారి కాలమున స్త్రీలు వంటకు బియ్యము కొలుచునప్పుడెల్ల ఒక పిడికెడు ప్రభువు కొరకు తీసి యుంచెడివారు. ఆ ప్రార్థనలు పొయ్యి దగ్గరనుండియే మొదలయ్యెను.

మా గాజులరామారము ప్రాంతమునకు వత్తము. ఇక్కడ సంఘములో శ్రీకాకుళమువారు, గోదావరి జిల్లాలవారు, మెదకు పల్లెలవారు కలిసియున్నారు. అనేకులకు జీడిమెట్ల ఫ్యాక్టరీలలో షిఫ్టు పని, అద్దె యిండ్లలో కాపురము. అట్టివారికి బంధువుల లోటు తీర్చునది బుధవారపు గృహకూటమే. అందుచేతనే అక్కడ జరిగిన తప్పు లోతుగా తగులును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సహోదరి అట్టి కూటములో కన్నీటితో తన భారము చెప్పెను. భర్తకు పని పోయినది. పోయినదని ఎవరికిని తెలియనీయక ప్రతి ఉదయము టిఫిన్ డబ్బా పట్టుకొని బయలుదేరుచున్నాడు. చిట్టీ బాకీ పడినది. ఆదివారమునకు ఆ సంగతి చిట్టీ వేసినవారికి, మరునాటికి ఇంటి యజమానికి చేరెను. ఎవరును చెడ్డ మనస్సుతో చెప్పలేదు. వారి కొరకు ప్రార్థన చేయుడనియే ఒకరు మరియొకరికి చెప్పిరి. ఆ భర్త వీధిలో తల యెత్తలేక, భార్యతో మాటలాడుట మానెను. నెల తిరుగకముందే వారు ఇల్లు ఖాళీచేసి సూరారము వైపు పోయిరి.

మేమును నిర్దోషులము కాము. ఆ ఆదివారము ప్రసంగ పీఠమునుండి, పేరు చెప్పకపోయినను ఎవరైనను గుర్తుపట్టునట్లు ప్రార్థించితిమి. అయ్యగారి ప్రార్థనవలననే తెలిసినదని పిమ్మట ఒకరు మాతో అనిరి. అటుతరువాత చేసినది మరింత తప్పు. ఆమె రాకపోగా, చల్లారిపోయినవారి పట్టీలో ఆమె పేరు వ్రాసి, తిరిగి రావలెనని రెండేండ్లు ప్రార్థించితిమి. ఒంటరిగా పొమ్మని ప్రభువు చెప్పిన దారి మైలున్నర కూడ లేదు.

గడచిన శ్రమకాలములో పోయితిమి. ఆమె కుర్చీ వేసెను, టీ యిచ్చెను, నిందింపలేదు. మేము క్షమాపణ అడిగినప్పుడు కొంతసేపు ఊరకుండి, "నా పేరు మీద ఇన్ని రోజులు ప్రార్థన చేసినారంట గదా అయ్యగారూ, ఏమని చేసినారు?" అనెను. మాకు ఉత్తరము దొరకలేదు.

ఆ పట్టీని చించివేసితిమి. కూటములో చెప్పిన మాటను గుమ్మము దాటనీయకూడదనియు, బహిరంగముగా చెప్పలేనివారు పెద్దవయస్సు స్త్రీలలో ఇద్దరికి చెప్పుకొనవచ్చుననియు, బియ్యముగాని డబ్బుగాని ఇయ్యవలసివచ్చిన మైకులో చెప్పరాదనియు పెద్దలము కూడి తీర్మానించితిమి. రాత్రి షిఫ్టువారికొరకు కూటము సాయంకాలము ఐదు గంటలకు మార్చవలెనను మాట ఇంకను తేలలేదు.

ఆ సహోదరి కూటమునకు ఇంతవరకు రాలేదు. అయితే ఆ యిద్దరు తల్లులు గురువారములలో ఆమె యింటికి పోవుచున్నారు. మొన్న ఆమె తన కుమార్తె పదవ తరగతి పరీక్షలకొరకును, మరియొక సంగతికొరకును ప్రార్థింపుమని వారినడిగెనట. ప్రార్థించి వచ్చిరి. ఆ రెండవ సంగతి ఏమో మేము అడుగలేదు.