మనం అన్నచోట ‘మీవాళ్ళు’

ప్రశ్న: మేడమ్, నాకు 28 ఏళ్ళు. మాది సిద్దిపేట జిల్లాలో ఒక పల్లె. ఎమ్మెస్సీ కోసం ఇంగ్లండ్ వచ్చి, ఇప్పుడు బ్రిస్టల్‌లో ఒక ఆస్పత్రి మందుల విభాగంలో పనిచేస్తున్నాను. అక్కడే అతను పరిచయమయ్యాడు. లాహోర్ వాళ్ళు. నైట్ షిఫ్టుల్లో ఇద్దరం కలిసి వార్డులకి వెళ్ళే ట్రాలీలు సర్దేవాళ్ళం. నా హైదరాబాదీ హిందీ వింటే పడీపడీ నవ్వేవాడు. వద్దు అనడానికి నేను ‘నక్కో’ అంటే చాలు, ఆ రాత్రంతా అదే మాట పట్టుకుని తిరిగేవాడు. సర్వపిండి తీసుకెళ్తే కరకరలాడే అంచులన్నీ తను తినేసి, మెత్తటి నడిమి ముక్క నాకు మిగిల్చేవాడు. ఏడాదిన్నర అలా గడిచింది. ఇష్టమని ఇద్దరం నోరు విప్పి చెప్పుకోలేదు గానీ, ఇద్దరికీ తెలుసు.

2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి జరిగింది. రెండు రోజులు నిద్రపట్టలేదు. మే 7న మన సైన్యం పాకిస్తాన్‌లో మురీద్కే లాంటి చోట్ల దాడులు చేసిందని తెలియగానే సంబరంగా స్టేటస్ పెట్టాను. ఆ రోజు డ్యూటీకి వచ్చి అతను, “మా పిన్ని వాళ్ళుండేది మురీద్కే దగ్గరే, రాత్రి నుంచి ఫోను కలవట్లేదు” అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా మేడమ్? “తుమారే లోగాంచ్ షురూ కరే నా” అన్నాను. మీవాళ్ళే కదా మొదలుపెట్టింది అని. అతను ఒక్క మాట కూడా అనలేదు. ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయాడు. పిన్ని వాళ్ళు క్షేమమని ఇంకెవరో చెబితే తెలిసింది.

తర్వాత ఒకసారి వచ్చి, మనిద్దరి సంగతి ఏమిటని సూటిగా అడిగాడు. “మా బాపు ఒప్పుకోడు” అన్నాను. బాపుకి అసలు ఈ విషయమే తెలియదు. అతను షిఫ్టు మార్పించుకున్నాడు.

మా తాత రజాకార్ల కథలు చెబుతూ నన్ను పెంచాడు. బైరాన్‌పల్లి మాకు దగ్గరే. “ఆళ్ళని నమ్మకు బిడ్డా” అనేవాడు. అతని నానమ్మ 1947లో జలంధర్ నుంచి లాహోర్ వెళ్ళిందట, ఆమె కూడా మన గురించి ఇలాగే చెప్పేదట. చదువుకున్నదాన్ని, నాకు ఇలాంటి పట్టింపులు లేవనుకునేదాన్ని. ఇప్పుడు కారిడార్‌లో అతను ఎదురైతే ఒళ్ళు దానంతటదే ముడుచుకుపోతోంది. ప్రేమ చచ్చిపోయిందా? అసలు ఉందా? అతనికి ఏం చెప్పను?

జవాబు: ముందు మీ బాపుని ఇందులోంచి తప్పించండి, పాపం. ఆయన కాదనలేదు. ఆయన్ని ఎవరూ అడగలేదు. రేపు అడిగితే కాదంటాడేమో, గొడవ చేస్తాడేమో, అది వేరే ఉత్తరం. ఈ ఉత్తరంలో కాదన్నది మీరు. అది ఒప్పుకోవడం కష్టంగా ఉండి ఊళ్ళో పొలం పనిలో ఉన్న మనిషి పేరు వాడుకున్నారు. నా దగ్గరికి వచ్చే ప్రేమ ఉత్తరాల్లో సగం వాటిలో ఈ ‘ఇంట్లో ఒప్పుకోరు’ ఉంటుంది. ఆ ఇళ్ళల్లో చాలావాటికి కబురే చేరి ఉండదు.

ఇక ఆ మాట. మన భాషలో మనం వేరు, మేం వేరు. ‘మనం వెళ్దాం’ అంటే ఎదుటివాడు ఉన్నట్టు, ‘మేం వెళ్తాం’ అంటే లేనట్టు. హిందీకి, ఉర్దూకి, ఇంగ్లీషుకి ఈ తేడా లేదు, ఒక్క ‘హమ్’తోనో ‘వియ్’తోనో సరిపెట్టుకుంటాయి. మీ స్నేహితుడికి తెలుగు రాదు. అయినా ఏడాదిన్నరగా మీ ఇద్దరి మధ్య నడిచింది ‘మనం’. అతను ఆ రోజు వచ్చింది కూడా ఆ మనంలోంచే. దేశాల సంగతి మాట్లాడ్డానికి రాలేదు. పిన్ని ఫోను ఎత్తడం లేదని భయపడి, ఆ ఆస్పత్రిలో తనకి అందరికంటే దగ్గరైన మనిషి దగ్గరికి వచ్చాడు. మీరు వ్యాకరణం మార్చేశారు. అదీ, అతను నవ్వుతూ నేర్చుకున్న ఆ ‘నక్కో’ భాషలోనే.

మీ కోపం తప్పని నేను అనను. పహల్గాంలో చనిపోయిన 26 మందిలో విశాఖ మనిషి ఉన్నాడు, కావలి మనిషి ఉన్నాడు. భార్యాబిడ్డల కళ్ళముందే కాల్చేశారు. ఆ వార్త చూసి రక్తం మరగకపోతేనే ఆశ్చర్యం. చంపినవాళ్ళ మీద, వాళ్ళకి నీడ ఇచ్చినవాళ్ళ మీద ఎంత కోపం పెట్టుకుంటారో పెట్టుకోండి. ఆ కోపాన్ని మందుల ట్రాలీ తోసే మనిషి చేతికి బిల్లులా ఎందుకిచ్చారన్నదే నా ప్రశ్న.

తాత దగ్గరికొద్దాం. తాత అబద్ధం చెప్పలేదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగింది నిజం. బురుజు మీద నుంచి ఎదురు నిలిచిన ఊరిని రజాకార్లూ నిజాం బలగాలూ కలిసి ఊచకోత కోశాయి. ఆ కథ మనవరాలికి చెప్పకుండా ఆయన ఎలా ఉంటాడు? కానీ కథలో ఏం మిగిలింది, ఏం రాలిపోయింది అన్నది ఒకసారి చూడండి. బైరాన్‌పల్లికి కొద్ది రోజుల ముందే హైదరాబాద్‌లో రజాకార్లు ఒక పత్రికా సంపాదకుణ్ణి నరికి చంపారు. ‘ఇమ్రోజ్’ నడిపిన షోయబుల్లా ఖాన్. నిజాం మొండితనాన్నీ రజాకార్ల ఆగడాలనీ ఎండగట్టినందుకు. ఈయన తాత కథలో ఉన్నాడా? సెప్టెంబరు 13 నుంచి 17 దాకా హైదరాబాద్ మీద భారత సైన్యం నడిపిన పోలీస్ చర్య తర్వాత ఏం జరిగిందో ఉందా? నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, అతి తక్కువ లెక్క వేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నాయి. ఆ నివేదికని ప్రభుత్వం దశాబ్దాలపాటు తొక్కిపెట్టింది కాబట్టి మీ తాతకి చేరలేదు. ఆయన్ని తప్పుపట్టను. మీకు ఫోనులో దొరుకుతుంది.

ఇంకొక చిన్న సంగతి. రజాకార్లు మన హైదరాబాద్ రాజ్యం మనుషులు. వాళ్ళ నాయకుడు ఖాసిం రజ్వీ లాతూర్ వకీలు, జైల్లోంచి విడుదలై 1957లో పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. లాహోర్ పంజాబీకి బైరాన్‌పల్లితో ఏ లెక్కన చుట్టరికం? తాత కథలోని రజాకారుకి ముందు క్రికెట్ మ్యాచ్‌లో బౌలర్ ముఖం వచ్చింది, తర్వాత టీవీ చర్చల్లో ఇంకో ముఖం వచ్చింది. చివరికి మీ సర్వపిండి అంచులు తిన్న మనిషి ముఖం మీద వచ్చి కూర్చున్నాడు. ఇన్ని చేతులు మారిన సరుకు మీ చేతికొచ్చేసరికి అసలుదేనా అని చూసుకోవద్దా?

నేనేదో కడిగిన ముత్యాన్ని కాను. 1999 జూన్‌లో, కార్గిల్ యుద్ధం నడుస్తుండగా మాంచెస్టర్‌లో ప్రపంచ కప్ మ్యాచ్. మా ఇంటి టీవీ పెద్దదని వాడకట్టంతా మా హాల్లోనే. పాకిస్తాన్ వికెట్ పడ్డప్పుడల్లా నేను ఒక మాట అంటున్నాను. ఇక్కడ రాయను. మూడోసారో నాలుగోసారో అన్నాక చూస్తే పక్కింటావిడ టీ కప్పు పట్టుకుని అలాగే ఉంది, తాగట్లేదు. ఆవిడది పాతబస్తీ, ఏడు తరాలుగా ఈ ఊరే. ఇండియా గెలవాలని పొద్దున దర్గాలో మొక్కుకొచ్చింది కూడా. మనం 47 పరుగులతో గెలిచాం. నాకు గుర్తుంది మాత్రం ఆ టీ మీద కట్టిన మీగడ. క్షమించమని అడగడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆవిడ “జానే దో” అంది. నేను జానే ఇవ్వలేకపోయాను, అందుకే మీకు చెబుతున్నాను.

ఒళ్ళు ముడుచుకుపోతోందన్నారు. దాన్ని తీర్పు అనుకోకండి. మీరుండే ఊళ్ళోనే, బ్రిస్టల్‌లో, హెన్రీ తాష్‌ఫెల్ అనే మనస్తత్వవేత్త బడిపిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. ఆయన పోలండ్ యూదుడు. యుద్ధఖైదీగా బతికి బయటపడేసరికి ఇంటివాళ్ళు దాదాపు ఎవరూ మిగల్లేదు. మనుషులు ఇలా ఎందుకవుతారన్న ప్రశ్న ఆయనకి పుస్తకాల్లోంచి రాలేదు. పద్నాలుగు, పదిహేనేళ్ళ కుర్రాళ్ళకి ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, నువ్వు ఈయన వైపు, నువ్వు ఆయన వైపు అని రెండు జట్లు చేశాడు. నిజానికి చీటీలు వేసినట్టే చేశాడు. ఎవరు ఏ జట్టో ఒకరికొకరికి తెలియదు. అయినా డబ్బు పంచమంటే సొంత జట్టుకే ఎక్కువ ఇచ్చారు. తమ జట్టుకి కాస్త తగ్గినా సరే, అవతలివాళ్ళకి ఇంకా తక్కువ రావాలని చూశారు. అదంతా కాసేపట్లో పుట్టిన పక్షపాతం. మీకు 28 ఏళ్ళు పట్టి వచ్చింది రెండు నెలల్లో పోవాలంటే ఎలా? ముడుచుకుపోయే ఒంటికి కొంచెం టైమివ్వండి. ప్రేమ ఉందో లేదో అది కుదుటపడ్డాక తెలుస్తుంది. లేదని తెలిస్తే లేదని చెప్పే హక్కు మీకుంది. పాకిస్తానీని ప్రేమించి తీరాలని నేను శాసనం రాయడం లేదు.

అతనికి ఏం చెప్పాలంటే, మూడు వాక్యాలు చాలు. ఆ రోజు నువ్వు పిన్ని గురించి భయపడి వచ్చావు, నేను ఆ మాట అన్నాను, అది తప్పు. బాపు ఒప్పుకోడన్నది అబద్ధం, భయపడింది నేను. పిన్ని ఎలా ఉంది? అంతే. ‘కానీ మీవాళ్ళు కూడా’ అని మొదలయ్యే నాలుగో వాక్యం వద్దు. మళ్ళీ షిఫ్టు కలిపించుకో అని అడగొద్దు. అతను విని సరేనని వెళ్ళిపోవచ్చు, అతనికీ ఒక నానమ్మ ఉంది కదా. జలంధర్‌లో ఆమెకి ఏం జరిగిందో మీరు ఒక్కసారీ అడిగినట్టు ఉత్తరంలో లేదు. అతను కూర్చుంటే, అది అడగండి. తర్వాత బైరాన్‌పల్లి మీరు చెప్పండి. అతనికి అదెక్కడుందో కూడా తెలిసి ఉండదు.

ప్రశ్న: నేను తెనాలిలో రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. మా వాడు డాలస్‌లో ఉద్యోగం, అమెరికా పౌరసత్వం వచ్చింది. పెళ్ళి చేసుకుంటానన్న అమ్మాయి అక్కడే పుట్టింది, అమ్మానాన్నలది కరాచీ. మా ఆవిడ తిండి మానేసింది. ‘ఆ అమ్మాయికి ఇండియా కార్డు రాదట, రేపు పిల్లలకీ రాదట, అందుకే వద్దంటున్నాం’ అని వాడికి చెప్పాం. ఇది నిజమేనా? వీడియో కాల్‌లో ఆ పిల్ల ‘నమస్తే అంకుల్’ అంటే నేను ఫోను ఆపేశాను.

జవాబు: మాష్టారూ, కార్డు సంగతి నిజమే. 1955 పౌరసత్వ చట్టంలోని 7ఏ సెక్షన్ ప్రకారం తానుగానీ, తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతల్లో ఎవరైనాగానీ పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులై ఉంటే మీరన్న ఇండియా కార్డుకి, అంటే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకి అర్హత లేదు. మీ అబ్బాయిని పెళ్ళాడినా రాదు. పుట్టబోయే పిల్లలకీ అదే అడ్డు. అమెరికా పాస్‌పోర్టు ఉన్నా ఆ అమ్మాయికి ఈ-వీసా కుదరదు, మామూలు వీసాకి దరఖాస్తు పెట్టుకుని చాలా రోజులు కాచుకోవాలి. ఇప్పుడున్న పరిస్థితుల్లో పెళ్ళి తెనాలిలో పెట్టుకుంటామని కల్యాణ మండపానికి అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి. వాళ్ళు అక్కడే చేసుకోవడం, మీరు వెళ్ళడం తేలిక.

అయితే ఈ సెక్షన్ మీకు ఎప్పుడు తెలిసింది? ముందు వద్దనుకుని, తర్వాత కారణం వెతుక్కుంటే దొరికిందా, లేక కార్డు రాదని తెలిశాకే వద్దనుకున్నారా? ఎవరికీ చెప్పనక్కర్లేదు, మీ ఆవిడా మీరూ రాత్రి భోజనాలయ్యాక మాట్లాడుకోండి. ముందామె భోంచేయాలి. కార్డే అసలు బాధైతే దానికి దారులున్నాయి, ఏడాదికొకసారి మీరే వెళ్ళి రావచ్చు. కరాచీ బాధైతే అబ్బాయికి కరాచీ అనే చెప్పండి, సెక్షన్లు చదివి వినిపించకండి. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతు అది, వాడు ఇట్టే పట్టేస్తాడు.

ఫోను సంగతి. నమస్తే అన్న పిల్లకి జవాబు బాకీ ఉన్నారు. పెళ్ళికి సరే అన్నట్టు కాదు, నమస్తేకి నమస్తే. మీరే చేయండి. మనకి రాత్రి ఎనిమిదిన్నరైతే అక్కడ ఉదయం తొమ్మిదో పదో అవుతుంది. ఆదివారమైతే ఇద్దరూ ఇంట్లోనే ఉంటారు.