ద్విజం

సంస్కృతంలో పంటికి దంతం, దశనం, రదనం అనే పేర్లతోపాటు 'ద్విజం' అనే పేరు కూడా ఉంది. రెండుసార్లు పుట్టేది అని దాని అర్థం. మొదట గుడ్డుగా, తరువాత పిల్లగా పుడుతుంది కనుక పక్షికీ ఈ పేరే చెల్లింది. పన్ను మొదట పాలపన్నుగా, పిమ్మట స్థిరదంతంగా జన్మిస్తుంది. ప్రాచీనుల సూక్ష్మ పరిశీలనకు ఈ మాట ఒక నిదర్శనం. అయితే రెండుసార్లు పుట్టే పంటికి మూడో జన్మ లేదు. దంతాలను గురించి జనసామాన్యంలో వినిపించే సందేహాలలో అనేకం ఈ సత్యాన్ని మరచిపోవడం వల్ల కలిగినవే.

పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా, వాటికి వైద్యమెందుకు అని తల్లిదండ్రులు అడుగుతూ ఉంటారు. శిశువుకు సాధారణంగా ఆరో నెల ప్రాంతంలో మొదటి పన్ను వస్తుంది. మూడేళ్ళు నిండేనాటికి ఇరవై పాలపళ్ళు ఏర్పడతాయి. వీటిలో దవడపళ్ళు కొన్ని పది, పన్నెండేళ్ళ వరకు నోటిలో ఉండవలసినవే. అంతకాలం అవి ఆహారాన్ని నమలడానికీ, మాట స్పష్టంగా పలకడానికీ తోడ్పడతాయి. పైగా తమ క్రింద ఎదుగుతున్న స్థిరదంతాలకు చోటు కాపాడి ఉంచుతాయి. పాల దవడపన్ను పుచ్చిపోయి ముందుగానే ఊడితే, ప్రక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. రావలసిన పన్ను దారి తప్పి వంకరగా మొలుస్తుంది. పాలసీసా నోట ఉంచుకొని నిద్రించే పసివారికి ముందరి పళ్ళు త్వరగా పుచ్చిపోతాయి. కనుకనే మొదటి పుట్టినరోజు నాటికి బిడ్డను ఒకసారి దంతవైద్యునికి చూపించడం మంచిదని నిపుణుల సలహా.

పెద్దవారికి ఉండే పళ్ళు ముప్పైరెండు. పాలపళ్ళు ఇరవై. మిగిలిన పన్నెండింటికి 'ద్విజం' అనే పేరు వర్తించదు. అవి ఒక్కసారే పుడతాయి. వాటిలో మొదటిది దాదాపు ఆరో ఏట, పాలపళ్ళ వరుసకు వెనుక, ఏ పన్నూ ఊడకుండానే నిశ్శబ్దంగా మొలుస్తుంది. ఊడిన పన్ను ఏదీ లేదు కనుక ఇంటిల్లిపాదీ దానిని కూడా పాలపన్నే అనుకుంటారు. అది పుచ్చినా, తరువాత కొత్తది వస్తుందని ఉపేక్షిస్తారు. ఆ కొత్తది ఎన్నటికీ రాదు. జీవితాంతం నమలవలసిన పన్నును ఈ విధంగా పదేళ్ళు దాటకముందే పోగొట్టుకొనేవారు ఉన్నారు. ఈ దంతాల పైభాగంలోని సన్నని గాడులను పలుచని పూతతో మూసివేసే సులభమైన చికిత్స ఉన్నది. దానిని సీలెంట్ అంటారు.

నొప్పి లేనప్పుడు వైద్యుని వద్దకు వెళ్ళడమెందుకు అనేది మరొక ప్రశ్న. పంటిపై ఉండే ఎనామెల్ అనే పింగాణీ పొర మన శరీరంలోని పదార్థాలన్నింటిలోకీ గట్టిది. కాని దానిలో జీవకణాలు లేవు. విరిగిన ఎముక అతుకుతుంది, తెగిన చర్మం మానుతుంది, పోయిన ఎనామెల్ మాత్రం తిరిగి పెరగదు. పాచిలోని సూక్ష్మజీవులు తీపి పదార్థాలను ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం ఎనామెల్‌ను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. లాలాజలం ఆ నష్టాన్ని కొంతవరకు పూరించగలదు. కాని మాటిమాటికీ తీపి తింటూ ఉంటే దానికి వ్యవధి చాలదు. ఎనామెల్‌లో నాడులు లేవు కనుక ఈ దశలో నొప్పి తెలియదు. పుచ్చు లోపలి పొరను దాటి, నాడులు, రక్తనాళాలు ఉండే గుజ్జును సమీపించిన తరువాతనే తీవ్రమైన బాధ మొదలవుతుంది. అంటే నొప్పి ఆలస్యంగా అందే వార్త. మొదట్లో చిన్న పూరకంతో సరిపోయేదానికి, అప్పుడు లోపలి గుజ్జును తొలగించి శుభ్రపరిచే రూట్ కెనాల్ చికిత్స అవసరమవుతుంది. దానినీ వాయిదా వేస్తే పన్ను తీయించుకోవడమే గతి.

పైదవడ పన్ను తీయిస్తే చూపు పోతుందనే భయం పల్లెల్లోనూ పట్టణాల్లోనూ ఉంది. చూపుకు సంబంధించిన నాడి వేరు, పంటికి స్పర్శజ్ఞానాన్నిచ్చే నాడి వేరు. కనుక ఆ భయానికి ఆధారం లేదు. గార తీయిస్తే పళ్ళు కదులుతాయనేది మరొక అపోహ. గార పేరుకొన్నందువల్ల చిగుళ్ళు వాచి, పంటిని పట్టి ఉంచే ఎముక క్షీణిస్తుంది. అప్పటికే పట్టు సడలిన పన్ను, గార తొలగగానే కదులుతున్నట్లు తెలుస్తుంది. మధుమేహం ఉన్నవారికి చిగుళ్ళ వ్యాధి ముప్పు అధికం. చిగుళ్ళ వ్యాధి ముదిరితే మధుమేహం అదుపు తప్పుతుంది.

ఫ్లోరైడ్ మంచిదా, చెడ్డదా? ఈ ప్రశ్నకు తెలుగునేల అనుభవమే సమాధానం. తగు మోతాదులో అది ఎనామెల్‌ను దృఢపరుస్తుంది. మోతాదు మించితే పళ్ళపై మచ్చలు, ఇంకా మించితే ఎముకల వంకరలు ఏర్పడతాయి. ఫ్లోరోసిస్ వ్యాధి నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఉన్నట్లు 1937లోనే వెల్లడైంది. నల్లగొండ జిల్లాలో తరతరాలు ఆ నీటినే త్రాగవలసి వచ్చింది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి 'నల్లగొండ విధానం' అనే పేరు రావడం ఆ వ్యథకు గుర్తు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం నదీజలాలను ఆ గ్రామాలకు చేర్చింది. అయితే ఎనామెల్ చిన్ననాడే, పన్ను ఇంకా దవడలో దాగి ఉండగానే రూపొందుతుంది. అందువల్ల బాల్యంలో త్రాగిన నీటి మచ్చ పంటిపై జీవితమంతా నిలిచిపోతుంది.

ఉదయం, రాత్రి పడుకొనే ముందు రెండేసి నిమిషాలు ఫ్లోరైడ్ పేస్టుతో పళ్ళు తోముకోవాలి. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆ తరువాత ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత పేస్టు చాలు. ఫ్లోరైడ్ అధికంగా ఉన్న ప్రాంతాలలో పిల్లల విషయమై వైద్యుని సలహా తీసుకోవాలి. ఇటుకపొడి, బొగ్గుపొడి ఎనామెల్‌ను అరగదీస్తాయి. ఆటలో దెబ్బ తగిలి స్థిరదంతం ఊడిపడితే, వేరును ముట్టుకోకుండా దానిని పాలలో ఉంచి, వీలైతే అరగంటలోపే దంతవైద్యుని చేరాలి. అది మళ్ళీ అతికే అవకాశం ఉంది.

కళాశాల విద్యార్థుల వయసు జ్ఞానదంతాలు మొలిచే వయసు. గుట్కా వంటి వ్యసనాలు వలవేసే వయసు కూడా ఇదే. గుట్కా నమిలేవారికి క్రమంగా నోరు తెరవడం కష్టమవుతుంది. ఆ స్థితి నోటి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. జ్ఞానదంతం చాలామందికి వస్తుంది. దానికి తగిన జ్ఞానాన్ని మాత్రం ఎవరికి వారే సంపాదించుకోవాలి.

ప్రశ్నలు
1. పంటికి 'ద్విజం' అనే పేరు ఎలా వచ్చింది? అది ఏ పళ్ళకు వర్తించదు?
2. నొప్పిని 'ఆలస్యంగా అందే వార్త' అనడంలోని అంతరార్థాన్ని వివరించండి.
3. మీ ప్రాంతంలో దంతాలను గురించి ప్రచారంలో ఉన్న ఒక నమ్మకాన్ని తెలిపి, దానిలోని నిజానిజాలను చర్చించండి.