పుండు చిన్నదే, ప్రమాదం పెద్దది

ఉద్దానం పచ్చని నేల. కొబ్బరి తోటలు, జీడి తోటలు, పక్కనే సముద్రం. ఇక్కడి ఆడవాళ్ళు తెల్లారకముందే పనిలోకి దిగుతారు. పలాస, కాశీబుగ్గల్లో జీడి పిక్కలు కొడతారు. పిక్క తొక్కలోని నూనె చేతులను కాలుస్తుంది. తోటలో కాలికి ముల్లు దిగుతుంది. చేపలు కోస్తుంటే వేలు తెగుతుంది. "ఇంత పుండుకే ఆసుపత్రా?" అనుకుని మళ్ళీ పనికి పోతారు.

చాలా పుండ్లు మానిపోతాయి. కొన్ని మానవు. చీము పడుతుంది. "సెప్టిక్ అయింది" అంటాం. ఒక్కోసారి ఆ జబ్బు పుండు దగ్గరే ఆగదు. ఒళ్ళంతటినీ దెబ్బ తీస్తుంది. దీనినే సెప్సిస్ అంటారు.

సెప్సిస్ అంటే ఏమిటి?

క్రిములు ఒంట్లో చేరితే ఒళ్ళు వాటితో పోరాడుతుంది. కొందరిలో ఆ పోరాటం అదుపు తప్పుతుంది. అప్పుడు మన గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు కూడా దెబ్బ తింటాయి. బి.పి. పడిపోతుంది. వైద్యం ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

పుండు ఒక్కటే కారణం కాదు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరినా, మూత్రంలో చీము వచ్చినా, కాన్పు తర్వాత గర్భసంచికి క్రిములు సోకినా సెప్సిస్ రావచ్చు. 2017లో ప్రపంచంలో సుమారు 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ వచ్చిందని, 1 కోటి 10 లక్షల మంది చనిపోయారని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు.

ఎవరికి ఎక్కువ ప్రమాదం?

పసిబిడ్డలకు, ముసలివాళ్ళకు, బాలింతలకు, షుగరు ఉన్నవాళ్ళకు ప్రమాదం ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు కూడా ఎక్కువే. ఉద్దానంలో ఈ జబ్బు లేని ఊరు తక్కువ. ఇది ఇక్కడ ఇంతమందికి ఎందుకు వస్తోందో ఇంకా పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

డయాలసిస్ కోసం కొందరికి మెడ దగ్గర గొట్టం పెడతారు. ఆ గొట్టం నేరుగా రక్తనాళంలోకి పోతుంది. అక్కడ శుభ్రత లేకపోతే క్రిములు సూటిగా రక్తంలో చేరతాయి.

ఇలా జరిగిందనుకుందాం

వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరు. అత్త డయాలసిస్ చేయించుకుని ఇంటికి వచ్చింది. రాత్రి వణుకు పట్టింది.

"ఏటయ్యింది అత్తా?" అంది కోడలు.

"ఏటీ నేదే. చలిజొరం. తెల్లారితే తగ్గిపోద్ది" అంది అత్త.

కాసేపటికి అత్త మాట తడబడింది. కోడలిని చూసి "ఎవరే నువ్వు?" అంది. ఊపిరి గబగబా తీస్తోంది. కోడలికి భయం వేసింది. ఆశా కార్యకర్తను పిలిచింది. ఆమె ఫోనులో గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి 28 సార్లు! చేతులు ముట్టుకుంది. చల్లగా ఉన్నాయి.

"ఒంట్లో ఒక పక్క జబ్బు, ఇంకో పక్క మనిషిని గుర్తు పట్టడం లేదు. తెల్లారేదాకా ఆగొద్దమ్మా. ఇప్పుడే 108కి ఫోను చెయ్యి" అంది ఆశా కార్యకర్త.

కోడలు ఫోను చేసింది. ఆ రాత్రే అత్త ఆసుపత్రికి చేరింది. మందులు సమయానికి పడ్డాయి. అత్త బతికింది.

గుర్తు పట్టడం ఎలా?

పుండు, జ్వరం, దగ్గు, మూత్రంలో మంట వంటి జబ్బు ఉండి, కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆగకూడదు.

1. మాట తడబడడం, మనిషిని గుర్తు పట్టకపోవడం, మత్తుగా పడి ఉండడం.
2. ఊపిరి వేగంగా తీయడం. పెద్దవాళ్ళలో నిమిషానికి 22 సార్లు, అంతకన్నా ఎక్కువ.
3. విపరీతమైన వణుకు, లేదా చేతులు, కాళ్ళు చల్లబడడం.
4. ఒళ్ళు పాలిపోవడం, మచ్చలు మచ్చలుగా నీలం రంగుకు తిరగడం.
5. లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోవడం.
6. పొద్దుటి నుంచి మూత్రం రాకపోవడం. డయాలసిస్ వాళ్ళకు మూత్రం ముందే తక్కువ కనుక, వాళ్ళలో మిగతా గుర్తులు చూడాలి.

జ్వరం లేదని ధైర్యపడకూడదు. ముసలివాళ్ళకు, కిడ్నీ రోగులకు సెప్సిస్ వచ్చినా జ్వరం రాకపోవచ్చు. పసిబిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్ళు చల్లబడినా, నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీసినా వెంటనే తీసుకుపోవాలి.

బండి వచ్చేలోగా

మనిషిని పడుకోబెట్టండి. మత్తుగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మత్తులో ఉన్నవాళ్ళ నోట్లో నీళ్ళు, మందులు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దుప్పటి కప్పండి. పుండుకు పేడ, బూడిద, ఆకు పసరు పెట్టకండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఒంటి నొప్పుల మాత్రలు ఇవ్వకండి. అవి కిడ్నీని ఇంకా చెడగొడతాయి.

మందుల చీటీలు, డయాలసిస్ పుస్తకం చేతికి అందేలా పెట్టుకోండి. 108 వాళ్ళకు మూడు మాటలు తప్పకుండా చెప్పండి. జబ్బు ఎప్పుడు మొదలైంది? కిడ్నీ జబ్బు ఉందా? డయాలసిస్ కోసం ఫిస్టులా ఏ చేతికి ఉంది? ఆ చేతికి బి.పి. పట్టీ కట్టకూడదు, సూది వేయకూడదు. కిడ్నీ జబ్బు ఉందని తెలిస్తే సెలైను చూసి ఎక్కిస్తారు. "సెప్సిస్ అని అనుమానంగా ఉంది" అని కూడా చెప్పండి. ఆ మాట చెప్పడానికి డాక్టరు చదువు అక్కరలేదు.

ఆసుపత్రిలో రక్తం పరీక్షకు తీస్తారు. క్రిములను చంపే మందు సూది ద్వారా ఇస్తారు. ఈ మందు మొదటి గంటలోనే పడితే మేలు. కనుక ఇంటి దగ్గర పోగొట్టుకునే ప్రతి గంటా ప్రాణానికి నష్టమే.

రాకుండా చూసుకుందాం

1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఒక పని చేయించాడు. పురుళ్ళు పోసే డాక్టర్లందరూ క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కోవాలన్నాడు. అక్కడ బాలింతల చావులు బాగా తగ్గిపోయాయి. చేతులు కడుక్కోవడం అంత గొప్ప మందు.

దెబ్బ తగిలితే సబ్బు నీళ్ళతో కడగండి. శుభ్రమైన గుడ్డ కట్టండి. పుండు చుట్టూ ఎరుపు పాకుతుంటే ఆసుపత్రికి వెళ్ళండి. మెడ గొట్టం దగ్గర కట్టు తడవనివ్వకండి.

చెప్పండి

1. సెప్టిక్ అయిన పుండుకు, సెప్సిస్‌కు తేడా ఏమిటి?
2. కోడలు తెల్లారేదాకా ఆగి ఉంటే ఏం జరిగేది?
3. మీ ఊరికి దగ్గరగా ఉన్న ఆసుపత్రి ఏది? రాత్రి వేళ అక్కడికి ఎలా వెళతారు?

చేయండి

ఇంట్లో ఒకరి ఊపిరిని ఒక నిమిషం లెక్కపెట్టండి. ఆ అంకెను రాయండి. తలుపు వెనక 108 అని పెద్దగా రాసి పెట్టండి.