అంగిలి కూడా చూడండి

శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని కాల్చే ఆడవాళ్లు ఉన్నారు. దాన్ని అడ్డపొగ అంటారు. అలాంటి ఊళ్లో డెంటల్ క్యాంపు పెడితే ఓ పెద్దామె వచ్చి, ‘ఊగిపోతన్న పన్ను పీకెయ్ బాబూ’ అంటుంది. కొత్త డాక్టరు చూపు ఆ పన్ను దగ్గరే ఆగిపోతుంది. చూడాల్సింది అంగిలి. నిప్పు సెగకు అక్కడ తెల్లగా మందమెక్కిన పొర, ఎర్రటి మచ్చ, మానని పుండు కనిపిస్తే అది క్యాన్సర్‌కు ముందు దశ కావచ్చు, క్యాన్సరే కావచ్చు.

అసలు పని అక్కడ మొదలవుతుంది. పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చి పంపేస్తే ఆమె ఎక్కడికీ వెళ్లదు. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉందని ఆమెకు తెలియకపోవచ్చు. వెంట ఎవరు వస్తారు? ఆ రోజు కూలి ఏమవుతుంది? ఆశా కార్యకర్తను పిలిచి, కొడుకుతో ఫోన్లో మాట్లాడి, వారం తర్వాత ‘వెళ్లారా?’ అని మళ్లీ అడగాలి. పరీక్షల కోసం చదివినప్పుడు ఈ పని ఎవరూ నేర్పరు.

నాలుగేళ్ల బీడీఎస్, ఏడాది ఇంటర్న్‌షిప్ ముగించి ఏం చేయాలో తేలక ఉన్నవాళ్లకు నా సలహా ఒకటే. మొదటి రెండేళ్లు నెలలో కొన్ని రోజులైనా ఇలాంటి ఊళ్లకు కేటాయించండి. అయితే ఉచిత వైద్యమే కదా అని రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరి నోట్లోనూ చెయ్యి పెట్టకండి. ఇంటర్న్‌లైతే సీనియర్ పక్కన ఉండాల్సిందే.

వెళ్లేముందు ఆర్ట్ (అట్రామాటిక్ రెస్టొరేటివ్ ట్రీట్‌మెంట్) పద్ధతి బాగా సాధన చేయండి. 1980ల మధ్యలో టాంజానియాలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. డ్రిల్లు, కరెంటు అక్కర్లేదు. చేతి పనిముట్లతో మెత్తబడిన పుచ్చు తీసి గ్లాస్ అయానమర్ సిమెంట్ నింపుతారు. బడి బెంచీ మీద పడుకోబెట్టి కూడా చేయొచ్చు. చిన్నపిల్లల పుచ్చును ఆపడానికి సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ ఉంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సిమెంట్‌నూ, ఈ మందునూ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ పూసిన పుచ్చు నల్లబడుతుంది. తల్లికి ఆ మాట ముందే చెప్పి ఒప్పించండి, లేకపోతే బిడ్డ పన్ను పాడుచేశారనే అనుకుంటుంది.

ఊరిని బట్టి మాట కూడా మారాలి. నల్గొండ ఫ్లోరైడ్ పల్లెల్లో గోధుమరంగు మచ్చల పళ్లున్న కుర్రాడికి ‘రెండుపూటలా తోముకో’ అని చెప్పడం అన్యాయం. ఎంత తోమినా ఆ మచ్చ పోదు. అది చిన్నప్పుడు తాగిన నీళ్ల వల్ల వచ్చింది. ముందు ‘ఏ నీళ్లు తాగుతున్నారు?’ అని అడగండి. ఉట్నూరు ఏజెన్సీకి వెళితే గోండిలో ‘నొప్పి’ని ఏమంటారో తెలుసుకునే వెళ్లండి.

ఈ క్యాంపు పని కెరీర్‌కు ఏమిస్తుందంటే, నీట్ ఎండీఎస్‌లో సీటు ర్యాంకుతోనే వస్తుంది, క్యాంపు సర్టిఫికెట్లతో ఒక్క మార్కూ కలవదు. ఆ ఆశతో వెళ్లొద్దు. పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీలో ఎండీఎస్ చదివేటప్పుడు గానీ, హైదరాబాద్ ఐఐపీహెచ్ లాంటి చోట ఎంపీహెచ్‌కు వెళ్లేటప్పుడు గానీ మాత్రం ఈ అనుభవమే మీ బలం. అందుకని ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎందరిని చూశారు, ఎందరిని పెద్దాసుపత్రికి పంపారు, వాళ్లలో ఎందరు నిజంగా వెళ్లారు అన్నది రాయండి. ఇంటర్వ్యూలో ఫొటోల కన్నా ఆ మూడో అంకె గురించే మీరు గట్టిగా మాట్లాడగలరు.

క్యాంపు పెట్టేవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. ఆటోక్లేవ్ ఉందా? పీకిన పన్ను దగ్గర రాత్రి రక్తం ఆగకపోతే ఎవరు చూస్తారు? రెండింటికీ సరైన జవాబు రాకపోతే నోరు పరీక్షించి, చీటీ రాసి, వెంటపడి ఆసుపత్రికి చేర్చండి. అక్కడ మాత్రం ఎవరి పన్నూ పీకకండి.